మొదటి వరసలో పూజారి

నిన్న మధ్యాహ్నం అమీన్‌పూర్‌లో మా అపార్ట్‌మెంటు కింద, పాత సామాను బండి కోసం ఎవరో ఒక కంప్యూటర్ మానిటర్‌ను గోడవారగా ఎండలో పెట్టి పోయారు. వీపు ఉబ్బుగా ఉండి, ఇద్దరు పట్టుకుంటే తప్ప కదలని ఆ కాలపు మానిటర్. కూరగాయల సంచి పట్టుకుని దాని పక్కనుంచి నడుస్తుంటే, కాగిన ప్లాస్టిక్, లోపల ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము కలిసిన ఒక వెచ్చటి వాసన ముక్కుకు తగిలింది, నేనక్కడే నిలబడిపోయాను. చిన్నతనం అనగానే ఒకరికి తడిమట్టి వాసన గుర్తొస్తుంది, ఇంకొకరికి అమ్మ కొంగు వాసన. నాకు గుర్తొచ్చేది ఈ వాసన. దానితో పాటు కడుపులోంచి లేచే ఒక పగ కూడా గుర్తొస్తుంది. నేను క్షమించే రకం మనిషిని కాదని, ఈ రాసేది చదివే వాళ్లకు ముందే చెప్పేయడం మంచిది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మేం పటాన్‌చెరులో కిరాయి ఇంట్లో ఉండేవాళ్లం. మా సొంత ఊరు భానూర్ అవతల. అక్కడి పొలంలో బావినీళ్లు రంగు మారి, పంట సగానికి పడిపోయాక, నాయిన మల్లేశం ఆ నీళ్లను పాడు చేసిన ఫ్యాక్టరీల్లోనే ఒకదానిలో ఆపరేటర్‌గా చేరాడు. అప్పటి పటాన్‌చెరులో గడియారం చూసేవాళ్లు తక్కువ, మూడు షిఫ్టుల సైరన్లే మాకు పొద్దు చెప్పేవి. గాలి ఎటునుంచి వీస్తుందో వాసనను బట్టి తెలిసేది. ఒకవైపునుంచి వస్తే కుళ్లిన బొప్పాయి లాంటి తీపి, ఇంకోవైపునుంచి వస్తే గంధకం కాల్చినట్టు గొంతులో మంట. నాయినను కన్న తల్లికి, మా అవ్వకు, పొలం పోయినా పొలం బుద్ధి పోలేదు. పొద్దున్నే గడపలో నిలబడి ఆకాశానికి ముఖమెత్తి, ఒకప్పుడు వానను పసిగట్టినట్టే మందుల ఫ్యాక్టరీ పొగను పసిగట్టేది. "ఇయ్యాల గాలి ఇటే గొడుతుంది బిడ్డా, బట్టలు లోపలేస్కో," అనేది. ఆమె ఎండలో కూర్చుని పల్లీలు ఒలిచేటప్పుడు పక్కన చేరి మేం గవ్వలతో అష్టచెమ్మ ఆడేవాళ్లం. ఓడిపోతే నేను గడులు గీసిన అట్టను చింపేసేదాన్ని. ఆ గుణం అప్పటినుంచే ఉంది.

శిరీష నా క్లాసులో, నా బెంచీలో ఉండేది. వాళ్లది గోదావరి వైపు ఊరు. వాళ్ల నాన్న ప్రసాదరావు గారు మా నాయిన పనిచేసే ఫ్యాక్టరీలోనే, మా నాయిన సెక్షన్‌కే సూపర్‌వైజర్. కంపెనీ క్వార్టర్స్‌లో వాళ్లకు రెండు గదుల ఇల్లు, ముందు కరివేపాకు చెట్టు, లోపల టెలిఫోను, దాని పక్కన మేజా మీద లేసు గుడ్డ కప్పిన కంప్యూటర్ ఉండేవి. విజయవాడలో ఇంజనీరింగ్ చదివే అన్నయ్య కొత్తది కొనుక్కుని, పాతదాన్ని చెల్లెలికి వదిలేశాడు. దానితో పాటు, పైన మార్కర్‌తో మూడో నంబరు తప్ప ఏమీ రాయని ఒక సీడీ కూడా వదిలేశాడు.

ఎనిమిదో తరగతి దసరా సెలవుల్లో, సద్దుల బతుకమ్మ మర్నాడు, అమ్మ కట్టిచ్చిన నువ్వుల సత్తుపిండి, మలీద ముద్దలు స్టీలు డబ్బాలో పెట్టుకుని నేను మొదటిసారి వాళ్లింటికి పోయాను. వాళ్లమ్మ డబ్బా ఖాళీ చేసి, అందులో సున్నుండలు వేసి తిరిగిచ్చింది. కాళ్లు కడుక్కుంటే తప్ప కంప్యూటర్ గదిలోకి రానిచ్చేది కాదు శిరీష. ఇద్దరం ఒకే ప్లాస్టిక్ కుర్చీలో చెరో సగం కూర్చుని ఆ సీడీ వేశాం. నల్లటి తెర మీద ఒక కోట వచ్చింది, డొక్కు స్పీకర్లలోంచి బూర లాంటి సంగీతం వచ్చింది. తర్వాత ఇంగ్లిషులో ఒక పెద్ద కథ. ఒక మాంత్రికుడు రాజ్యాన్ని చీకటి చేశాడట, నలుగురు మనుషులు బయలుదేరాలట. డిక్షనరీ తెచ్చుకుని ఒక్కో మాట వెతికి చదవడానికే మాకు మొదటిరోజు సరిపోయింది. వెతికి చదివాం కాబట్టేనేమో, ఆ రాజ్యం మాకు ఎవరో ఇచ్చినట్టు కాక మేమే తవ్వి తీసుకున్నట్టు అనిపించింది.

ఆ ఆటలో మొదటి పని నలుగురికీ పేర్లు పెట్టడం. ఒక కత్తి వీరుడు, ఒక మంత్రగత్తె, ఒక దొంగ, గాయాలు మాన్పే ఒక పూజారి. మంత్రగత్తెకు శిరీష తన పేరు పెట్టుకుంది, దొంగకు నా పేరు పెట్టింది, నేనేమీ అనుకోలేదు. కత్తి వీరుడికి నేను మా నాయిన పేరు పెట్టాను, ఎందుకంటే రెండు బస్తాలు చెరో భుజాన వేసుకుని నడవగలిగిన మనిషిని నేను ఆయన్ను తప్ప ఇంకెవరినీ చూడలేదు. శిరీష పూజారికి వాళ్ల నాన్న పేరు పెట్టింది. ఆయన రోజూ పొద్దున గంటసేపు పూజ చేసి, నుదుటి నిండా విభూతితో, ఒళ్లంతా సాంబ్రాణి వాసనతో డ్యూటీకి పోయేవాడు. పేరుకు ఆరు ఇంగ్లిషు అక్షరాలే పట్టేవి. మా నాయిన పేరు సగంలో తెగిపోయింది, ప్రసాద్ మాత్రం సరిగ్గా సరిపోయాడు. అప్పుడు నవ్వుకున్నాం. తర్వాత్తర్వాత ఆయన మీద ఉన్న నేరాల్లో దాన్ని కూడా కలుపుకున్నాను.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ మాకు అదే పని. ఇప్పటివాళ్లకు ఆ ఆటల్లో ఏముందో చెప్పడం కష్టం. బొమ్మలు అగ్గిపెట్టెంత ఉండేవి, రాక్షసుడు కదిలేవాడు కాదు, కొట్టామో లేదో అక్షరాల్లో చదువుకోవాల్సిందే. అయినా ఊళ్లోకి అడుగుపెట్టగానే ప్రతి ఇంటి తలుపూ తట్టి, ప్రతి మనిషినీ పలకరించి, బావి దగ్గరి ముసలామె ఊరికే అన్న మాటలో ఏదో రహస్యం ఉందని పట్టుకుని, దాని వెంట మూడు వారాలు తిరగడంలో ఉన్న సంబరం నాకు మళ్లీ దేనిలోనూ దొరకలేదు. దారి ఆట చూపించేది కాదు. నేలమాళిగల్లో ఎటు తిరిగామో గుర్తుండడానికి నేను లెక్కల గ్రాఫు పుస్తకంలో ఒక్కో గడినీ అడుగుగా లెక్కపెట్టి పటం గీసేదాన్ని. తలుపుకు ఎర్ర గీత, ఉచ్చుకు నల్ల చుక్క. చలికాలం వచ్చేసరికి ఆ పుస్తకంలో లెక్కలకు చోటు లేకుండా పోయింది. ఆట దాచుకోవాలంటే ఊళ్లోని సత్రానికి తిరిగి రావాల్సిందే, మధ్యలో కుదరదు. పటాన్‌చెరు కరెంటు సంగతి తెలిసిందే కదా. సత్రం ఇంకా పది అడుగులుందనగా ఫ్యాను చప్పుడు సన్నబడితే ఇద్దరం కలిసి ఒకే మీటను దబదబా నొక్కేవాళ్లం. అన్నిటికంటే నాకు నచ్చింది దాని న్యాయం. కొట్టిన ప్రతి దెబ్బా అనుభవం కింద జమ అయ్యేది, అది నిండగానే గంట మోగి మనిషికి ఒక మెట్టు పెరిగేది. మా నాయిన ఆ ఫ్యాక్టరీలో అన్నేళ్లు చేశాడు. ఆయనకు ఒక్కసారీ గంట మోగలేదు.

ఆ ఆటలో ఒక వంతెన ఉండేది. దాని మీద గదతో ఒక రాక్షసుడు నిలబడి ఉండేవాడు. రెండోరోజే తెలియక ఎదురుపోతే ఒక్క దెబ్బకు నలుగురినీ చంపేశాడు. ఆ సాయంత్రం నేను అన్నం తినలేదు. తర్వాత దసరా సెలవుల్లోనూ, అర్ధ సంవత్సరం పరీక్షలప్పుడూ, ఎముకలు కొరికే చలిలో ట్యూషన్‌కు పోతున్నప్పుడూ వాడి సంగతే ఆలోచించాను. ఎలుకలను చంపి, గబ్బిలాలను చంపి, తోడేళ్లను చంపి, ఒక్కో మెట్టూ ఎక్కి, నాయినకు ఉక్కు కవచం సంపాదించి, శిరీషకు నిప్పు మంత్రం నేర్పించి, నాలుగు నెలల తర్వాత మాఘమాసంలో ఒక ఆదివారం మధ్యాహ్నం మేం ఆ వంతెనకు తిరిగి వచ్చాం. వాడు అక్కడే ఉన్నాడు. ఆ ఆటల్లో అసలు సుఖం ఇదేనని నేనంటాను. నిన్ను కొట్టినవాడు నువ్వు బలం కూడగట్టుకుని వచ్చేదాకా కదలకుండా అక్కడే ఉంటాడు, బదిలీ చేయించుకుని పోడు.

వంతెన మీద పోరు నడుస్తుండగా టెలిఫోను మోగింది. ప్రసాదరావు గారు భోంచేసి పడక్కుర్చీలో వాలి ఉన్నారు. మాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి మాట్లాడారు.

"ప్రెషర్ ఎంత చూపిస్తోంది? ... ఇప్పుడు నేను రావడం కుదరదయ్యా. కింద వాల్వ్ తీసి నాలాలోకి వదిలెయ్. ... ఎవరైనా ఏమైనా అంటే నేను చూసుకుంటాను మల్లేశం. నేను చెప్తున్నాగా, తియ్యి."

మల్లేశం అన్న పేరు విని నేను ఒక్క క్షణం తలతిప్పాను. తెర మీద కూడా అప్పుడు మల్లేశం వంతే. కత్తి దిగింది, రాక్షసుడు పడ్డాడు. శిరీష నన్ను వాటేసుకుంది, ఇద్దరం కుర్చీతో సహా కింద పడ్డాం. ఆయన ఫోను పెట్టేసి మమ్మల్ని చూసి నవ్వుతూ పోయి మళ్లీ పడుకున్నారు.

మర్నాడు ఆ నాలా కలిసే వాగులో చేపలు తెల్లటి పొట్టలు పైకి పెట్టి తేలాయి. దిగువ ఊళ్లో ఆ నీళ్లు తాగిన బర్రెలు నురగలు కక్కి చచ్చాయి. రైతులు వాటిలో ఒకదాన్ని ట్రాక్టర్ మీద వేసుకొచ్చి ఫ్యాక్టరీ గేటు ముందు దింపి, అక్కడే కూర్చున్నారు. వాళ్లలో మా నాయినకు తెలిసినవాళ్లు, మా చుట్టాలూ ఉన్నారు. ఎంక్వైరీ పెట్టారు. వాల్వ్ తీసినట్టు పుస్తకంలో నాయిన ఒక్కడి సంతకమే ఉంది. ప్రసాదరావు గారు తను ఏమీ చెప్పలేదన్నారు, ఫోను వచ్చిందిగానీ ప్రెషర్ సంగతి అడిగి పెట్టేశానన్నారు. నాయినను సస్పెండు చేశారు. ఫ్యాక్టరీలో ఆ వేటు, ఊళ్లో ఇంకో వేటు. బర్రె పోయిన పెద్దనాయిన ఒకాయన మా గడప ముందు నిలబడి, "నీళ్లల్ల మందు గలిపినోని ఇంట్ల నీళ్లు తాగ," అని చెంబు తిరిగిచ్చేసి పోయాడు.

ఆ నెలల్లో నాయిన పొద్దున సైరన్‌కే లేచేవాడు, స్నానం చేసి అంగీ వేసుకునేవాడు, తర్వాత పోవడానికి చోటు లేక సైకిల్‌ను తలకిందులు చేసి చైన్‌కు నూనె పెట్టేవాడు. రోజూ పెట్టేవాడు. అంబలి గిన్నె ముందు పెడితే మరిచిపోయేవాడు. నాకు జరిగింది మొత్తం అర్థం కావడానికి వారం పట్టింది, అర్థమైన రోజే చెప్పాను.

"నాయినా, సారు నిన్ను వాల్వ్ దియ్యమన్నడు. నేను ఆన్నే ఉన్న. నా చెవులతోని విన్న."

ఆయన సైకిల్ చక్రాన్ని చేత్తో ఆపాడు. "చిన్న పిల్లవు, నీ మాట ఎవరింటరు బిడ్డా. పైంగ మల్లేశమే బిడ్డకు నేర్పిచ్చిండంటరు. నోరు మూస్కొని సదువుకో. ఆళ్లింటికి గూడ పోకు ఇగ."

అవ్వ మొక్కుకుందని ఒక మంగళవారం అందరం ఇస్మాయిల్‌ఖాన్‌పేట భవానమ్మ గుడికి పోయాం. సంగారెడ్డి దాకా బస్సు, అక్కడినుంచి ఆటో. కొబ్బరికాయల నీళ్లకు జారే మెట్లు, పసుపు, చెమట, బెల్లం పరమాన్నం ఆవిరి, పచ్చిపులుసుతో చెట్టు కింద తిన్న చల్లటి అన్నం, అన్నీ ఇప్పటికీ గుర్తున్నాయి. "ఏం గావాల్నో అమ్మనడుగు, పిల్లలు అడిగితే ఇంటది," అంది అవ్వ. వాళ్లంతా నాయిన నౌకరీ తిరిగి రావాలని మొక్కుకుని ఉంటారు. నేను కళ్లు మూసుకుని, ప్రసాదరావు గారు మా నాయిన లాగే పొద్దున్నే స్నానం చేసి పోవడానికి చోటు లేకుండా కూర్చోవాలని మొక్కుకున్నాను. రెండుసార్లు మొక్కుకున్నాను, మొదటిసారి గంటల మోతలో వినపడలేదేమోనని.

మళ్లీ ఆదివారం శిరీష వాళ్లింటికి పోయాను. లైబ్రరీకని అబద్ధం చెప్పాను. శిరీష గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుంది, వస్తాననుకోలేదని అంది. ఫోను మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. కీబోర్డు మాత్రం నేను తీసుకున్నాను.

ఆ ఆటలో నలుగురినీ ఎవరు ముందు, ఎవరు వెనక అని వరస పెట్టాలి. కవచం ఉన్నవాడు ముందుండి దెబ్బలు కాస్తాడు. పూజారి వెనక నిలబడి మంత్రం చదువుతూ గాయాలు మాన్పుతాడు. నేను పూజారిని మొదటి వరసలో నిలబెట్టాను. ఆయన తోలు చొక్కా విప్పించి సంచిలో వేశాను. చేతిలోని వెండి గద తీసేసి, మొదటిరోజు దొరికిన పగిలిన కర్ర ఇచ్చాను. ఆయన దెబ్బ తిన్న ప్రతిసారీ తెర కింద ఆయన పేరు పసుపయ్యేది, తర్వాత ఎర్రనయ్యేది. ప్రాణం కొనలో ఉండగా ఆయన చేతే మా నాయినకు మందు వేయించేదాన్ని. ఆ ఎర్ర అక్షరాలను చూస్తుంటే నాలుక మీద బెల్లం పెట్టుకున్నట్టుండేది. ఆయన చచ్చిపోతే ఊరి గుడికి మోసుకుపోయి బతికించేదాన్ని, బతికించి మళ్లీ తీసుకొచ్చి ముందు నిలబెట్టేదాన్ని. పక్క గదిలో అసలు మనిషి పేపరు చదువుకుంటూ, మజ్జిగ తాగుతూ, అప్పుడప్పుడు దగ్గుతూ ఉండేవాడు. ఆ దగ్గు వినిపించినప్పుడల్లా పూజారిని నేలమాళిగలో ఇంకొక గది లోపలికి నడిపించేదాన్ని. ఉగాది పచ్చడి తిన్న రోజు కూడా ఆయన్ను మూడుసార్లు చంపాను.

"నాన్నని ముందెందుకు పెడుతున్నావే? ఆయన పూజారి కదా, ఆగలేడు," అంది శిరీష ఒకసారి.

"ఆగనియ్యి, సూద్దాం," అన్నాను.

ఆమె నా ముఖం వైపు చూసింది. తెలివైన పిల్ల, ఆమెకు తెలియదని నేనెప్పుడూ అనుకోలేదు.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం, వాళ్లమ్మ పిలిస్తే శిరీష వంటింట్లోకి పోయింది. మేం అప్పటికి అన్నిటికంటే కింది నేలమాళిగలో, బల్లుల గుహలో ఉన్నాం. పూజారి పడిపోయాడు. ఎప్పటిలా శవాన్ని మోసుకుపోవచ్చు. నేను జట్టులోంచి ఆయన పేరు తీసేశాను. నిజంగానే వదిలేయాలా అని ఆట ఒకసారి అడిగింది. అవునని నొక్కాను. మిగిలిన ముగ్గురినీ నా గ్రాఫు పుస్తకంలో ఎర్ర గీతలు చూసుకుంటూ అంతస్తు తర్వాత అంతస్తు పైకి నడిపించి, సత్రానికి చేర్చి, ఆట దాచేశాను. ఆ ఆటకు దాచే చోటు ఒక్కటే. పాతది పోయి కొత్తది మిగిలింది.

శిరీష పులిహోర పళ్లెంతో వచ్చి, తెర కింద మూడే పేర్లు చూసింది. "నాన్నేడి?"

"సచ్చిపోయిండు."

"గుడికి తీసుకెళ్లొచ్చుగా."

"తేలే. కిందనే ఇడిసిపెట్టిన. సేవ్ గూడ జేసిన."

ఆమె పళ్లెం మేజా మీద పెట్టింది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. మా మాటలు ఆగిపోవడం విని ప్రసాదరావు గారు గుమ్మంలోకి వచ్చి ఏమైందని అడిగారు.

"మంజు నిన్ను చంపేసింది నాన్నా," అంది శిరీష, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన నవ్వారు. కళ్లజోడు సర్దుకుని తెర వైపు వంగారు. ఆయన ఒంటి మీది సాంబ్రాణి వాసన నాకు తగిలింది. "నన్నా? ఎందుకమ్మా, నేనేం చేశాను?"

సరదాకు అడిగారాయన. నేను మాత్రం రెండు నెలలుగా ఆ ప్రశ్న ఎవరైనా అడుగుతారేమోనని కాచుకుని కూర్చున్నదాన్ని.

"వాల్వ్ మీరే దియ్యమన్నరు సారు. అనలేదని మా నాయిన మీదకు దొబ్బిండ్రు."

 ఆయన మెల్లగా నిటారుగా నిలబడ్డారు. "ఎవరు చెప్పారు నీకు? మల్లేశం పంపించాడా?"

"నేను ఈడికొచ్చుడే మా నాయినకు తెల్వదు. ఫోన్ వచ్చినప్పుడు నేను గీ కుర్సీలనే కూసున్న. మీరు గాడ నిలవడ్డరు."

ఆయన నాతో వాదించలేదు. కూతురి వైపు తిరిగారు, గొంతు తగ్గించి, బతిమాలుతున్నట్టు అడిగారు. "అలాంటిదేం లేదు కదమ్మా సిరీ? ఆ రోజు నువ్వూ ఉన్నావుగా."

శిరీష చేతి వేళ్లు లేసు గుడ్డ అంచును నలుపుతున్నాయి. "ఉన్నాను నాన్నా. తియ్యమనే చెప్పావు. 'నేను చూసుకుంటాను మల్లేశం' అన్నావు. 'నేను చెప్తున్నాగా, తియ్యి' అన్నావు."

వంటింటి గుమ్మంలో వాళ్లమ్మ గరిటె పట్టుకుని నిలబడి ఉంది.  ప్రసాదరావు గారి ముఖం తెల్లబడి, తర్వాత ఎర్రబడింది. తెర కింద పేర్లు రంగు మారడం చూసి చూసి ఉన్న నాకు ఆ ముఖం చూడడం కూడా తీయగానే ఉంది. అబద్ధమెందుకు చెప్పాలి, బల్లుల గుహకన్నా తీయగా ఉంది. నేను చెప్పులు వేసుకుని బయటికి వచ్చేశాను. ఎర్రటి ఎండలో ఇంటిదాకా పరుగెత్తాను.

పది రోజులకు ఎంక్వైరీ మళ్లీ కూర్చుంది. ప్రసాదరావు గారు తనంతట తాను లేచి, వాల్వ్ తీయమని ఫోనులో చెప్పింది తనేనని ఒప్పుకున్నారట. నాయినను వేరే సెక్షన్‌లోకి తిరిగి తీసుకున్నారు. ప్రసాదరావు గారికీ పెద్దగా ఏమీ కాలేదు. సముద్రం వైపు ఉన్న కంపెనీ ఇంకో ప్లాంటుకు బదిలీ చేయించుకున్నారు, అంతే. నా మొక్కు సగమే తీరింది. నాయిన ఆ సాయంత్రం కొబ్బరికాయ, అరటిపళ్లు కొని సంచిలో పెట్టుకుని ఆ క్వార్టర్స్‌కు పోయి వచ్చాడు. వచ్చి అమ్మతో, "సారు మంచోడే. ఎవ్వరడుగకున్నా నిజం ఒప్పుకున్నడు. గట్ల ఎంతమంది ఒప్పుకుంటరు," అన్నాడు. నేను పీట మీద కూర్చుని వింటున్నాను. జొన్న రొట్టెను తుంపుతూనే ఉన్నాను. వాళ్లింట్లో ఏం జరిగిందో చెబితే, పోవద్దన్న ఇంటికి పోయినందుకు దెబ్బలు తినాలి. చెప్పలేదు. ఆ మంచి పేరు ఆయనకే మిగిలిపోయింది.

బళ్లో శిరీష రెండు వారాలు నాతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఇంటర్వెల్‌లో, నల్లా దగ్గర చేతులు కడుక్కుంటూ అడిగింది. "మేం జూన్‌లో వెళ్లిపోతున్నాం. ఈలోపు కిందికి వెళ్లి నాన్నని తీసుకొద్దాం, వస్తావా? నీ పటం లేకపోతే నాకు దారి తెలీదు."

ఆ ఆటలో అది కుదురుతుంది. ఎక్కడ వదిలేశామో ఆ గడిలో శవం అలాగే ఉంటుంది, ధైర్యం చేసి దిగి మోసుకురావచ్చు. ఆ ఆటలు చేసినవాళ్లు మనుషులను ఎంత తెలిసి చేశారోనని ఇప్పుడు అనిపిస్తుంది. అప్పుడు మాత్రం నాకు ఆయన అక్కడే, ఆ బల్లుల మధ్యే, చొక్కా లేకుండా పడి ఉండాలని ఉంది.

"నువ్వే తెచ్చుకో," అన్నాను. పటం కూడా ఇవ్వలేదు.

సంవత్సరాంత పరీక్షల చివరిరోజు, హాల్ టికెట్లు తిరిగిచ్చే వరసలో నా వెనక నిలబడి ఆమె చెప్పింది, మామూలు గొంతుతోనే. "తెచ్చుకున్నాను. పటం లేదుగా, పదకొండుసార్లు తప్పిపోయాను. గుళ్లో బతికించాను." తర్వాత, "మీ నాన్న కూడా ఉన్నాడు జట్టులో. తీసెయ్యలేదు. ఆయనే దారి పొడుగునా దెబ్బలు కాశాడు," అంది.

నేను వెనక్కి తిరగలేదు. అది ఆమె నాతో మాట్లాడిన చివరి మాట.

ఆ ఫ్యాక్టరీ మూతపడి చాలా ఏళ్లయింది. అక్కడిప్పుడు గోదాములున్నాయి, లారీలు వస్తూ పోతూ ఉంటాయి. క్వార్టర్స్ కూల్చి అయిదంతస్తులు కట్టారు. షిఫ్టు సైరన్ విని లేచేవాళ్లు లేరు. గాలికి ముఖమెత్తి వాసనను బట్టి దిక్కు చెప్పే మా అవ్వ లాంటి ముసలమ్మలూ లేరు. నేను ఇక్కడినుంచి రోజూ హైదరాబాద్ ఆఫీసుకు పోయి కంప్యూటర్ ముందే కూర్చుంటాను. ఇప్పటి ఆటలు కూడా చూస్తుంటాను. అందంగా ఉంటాయి, రాక్షసుడి చర్మం మీద చెమట కూడా కనిపిస్తుంది. పటం ముందే గీసి ఉంటుంది, ఎటు పోవాలో బాణం గుర్తు చూపిస్తుంది. చచ్చినవాళ్లు పది లెక్కపెట్టేలోగా వాళ్లంతట వాళ్లే లేచి నిలబడతారు. ఎవరినీ ఎక్కడా వదిలి రాలేం, ఎవరి కోసమూ తిరిగి దిగక్కర్లేదు.

నాయినకు ఇప్పుడు డెబ్బై దాటాయి. పోయిన నెల మా ఇంటికి వచ్చినప్పుడు అన్నం తింటూ ఎందుకో ఫ్యాక్టరీ మాటలొచ్చాయి, మళ్లీ అదే మాట, సారు మంచోడు అని. ఇరవై ఏళ్లు పైగా మింగుతూ వచ్చిన మాట ఆ రోజు మింగలేకపోయాను. మొత్తం చెప్పేశాను, నేను అన్నది, శిరీష చెప్పింది, సారు ముఖం రంగు మారినది. ఒక్క తిట్టయినా నాయిన నోట వింటానని ఎదురు చూశాను.

నాయిన కలిపిన ముద్దను పళ్లెంలోనే పెట్టేశాడు. "అడిగితే గూడ ఒప్పుకోనోళ్లు లేరా బిడ్డా," అన్నాడు.

ఆ జవాబు నాకు నచ్చలేదు. ఇప్పటికీ నచ్చలేదు.

చెయ్యి కడుక్కుని వచ్చి, తువ్వాలుతో తుడుచుకుంటూ ఆయనే మళ్లీ అడిగాడు. "కన్నతండ్రి మీద నిజం చెప్పిందంటే ఆ పిల్ల గట్టిది. యాడున్నది ఇప్పుడు?"

"తెల్వదు నాయినా," అన్నాను.

"దేవులాడినవా?"

వెతకలేదన్నాను.